తొలి పలుకులు: శిశువు భాష నేర్చే తీరుపై జరిగిన అన్వేషణ

ఏ పాఠశాల చరిత్ర అయినా హాజరు పట్టీలో మొదటి విద్యార్థి పేరు వ్రాసిన రోజుతో ఆరంభమవుతుంది. విద్యార్థి చదువు మాత్రం అంతకు ఐదేళ్ల ముందే ఆరంభమై ఉంటుంది. పలక చేతికి ఇచ్చి బడిలో కూర్చోబెట్టే నాటికి బిడ్డకు అక్షరాలు రావు గాని, భాష చాలావరకు వచ్చి ఉంటుంది. 'అన్నయ్య వచ్చాడు', 'అక్క వచ్చింది' అన్న భేదం తప్పిపోదు. ఎవరిని 'మీరు' అనవలెనో, ఎవరిని 'నువ్వు' అనవచ్చునో తెలిసి ఉంటుంది. కర్త, కర్మ, క్రియ అన్న పేర్లు వినకుండానే వాటిని వాటి స్థానాలలో ఉంచి మాట్లాడుతుంది. ఉపాధ్యాయుడు అక్షరాభ్యాసం చేయించేది ఈ పునాది మీదనే.

బడికి ముందు జరిగిన ఈ విద్యాభ్యాసానికి గురువు ఎవరు? భాష పుట్టుకతో వెంట వస్తుందా, పెంపకంతో అబ్బుతుందా? పెద్దలు పసివారితో ముద్దుముద్దుగా మాట్లాడటం ఉత్త మురిపెమేనా, అందులో ఏదైనా ప్రయోజనం ఉన్నదా? ఈ ప్రశ్నలు మానవజాతిని వేల సంవత్సరాలుగా వెంటాడుతున్నాయి. రాజులు, శాస్త్రకారులు, తండ్రులు, తల్లులు, పరిశోధకులు వీటికి సమాధానం వెదకిన తీరే ఒక చరిత్ర. ఇతర భాషల నడుమ తరతరాలుగా తెలుగును నిలుపుకొంటున్న కుటుంబాలకు ఈ చరిత్ర మరింత దగ్గరిది.

రాజుల పరీక్షలు

ఈ విషయంలో మొట్టమొదటి ప్రయోగంగా చెప్పుకొనే కథను గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో వ్రాసి ఉంచాడు. క్రీస్తుపూర్వం 664 నుండి 610 వరకు ఈజిప్టును పాలించిన సామెటికస్ అనే రాజుకు లోకంలో అందరికంటె ప్రాచీనమైన జాతి ఏదో తెలుసుకోవలెననే కోరిక కలిగిందట. అప్పుడే పుట్టిన ఇద్దరు శిశువులను ఒక గొల్లవానికి అప్పగించి, వారి యెదుట ఎవరూ నోరు మెదపరాదని, వేళకు మేకలను తోలుకొని పోయి పాలు పట్టవలెనని ఆజ్ఞాపించాడు. రెండేళ్లు గడచిన తరువాత ఆ పిల్లలు చేతులు చాచి 'బెకోస్' అన్నారని, ఆసియా మైనరులోని ఫ్రిజియా దేశపు భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థమని, అందుచేత ఫ్రిజియనులే ప్రాచీనులని రాజు ఒప్పుకొన్నాడని కథ. ఆ పిల్లలు అనుకరించినది రోజూ తాము విన్న మేకల అరుపునే అయి ఉంటుందని తరువాతి వ్యాఖ్యాతలు ఊహించారు. ఆ ఊహ నిజమైతే రాజు అడిగిన ప్రశ్నకు సమాధానం దొరకలేదు గాని, అడగని ప్రశ్నకు దొరికినట్టే: బిడ్డ తాను విన్నదానినే పలుకుతుంది.

ఇటువంటి పరీక్షే స్కాట్లండు రాజు నాలుగవ జేమ్స్ చేయించాడని, అంతకు ముందే జర్మను చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ చేయించాడని యూరపు చరిత్రలలో ఉన్నది. ఫ్రెడరిక్ పెంపించిన శిశువులు ముద్దుమురిపాలు, పలకరింపులు లేక మరణించారని సలింబేనే అనే క్రైస్తవ సన్యాసి వ్రాశాడు. ఈ కథలలో నిజమెంతో, కల్పన ఎంతో తేల్చడం కష్టం.

మన దేశంలో జరిగిన పరీక్షకు ఆధారం ఇంతకంటె గట్టిది. మొగలు చక్రవర్తి అక్బరు ఆస్థానంలో ఒకనాడు భాష గురించి చర్చ వచ్చింది. మాట వినికిడి వలననే వస్తుందని, వినని వారు మూగవారే అవుతారని అక్బరు అభిప్రాయం. కొందరు దానిని అంగీకరించలేదు. వారిని ఒప్పించటానికి జనసంచారానికి దూరంగా ఒక భవనం కట్టించి, అందులో పసిపిల్లలను ఉంచి, వారికి పాలిచ్చే దాదులు ఒక్క మాటైనా పలుకరాదని కట్టడి చేశారు. సుమారు నాలుగేళ్ల తరువాత, 1582లో, అక్బరు స్వయంగా వెళ్లి చూడగా ఆ పిల్లల నోట మూగవారు చేసే ధ్వనులు తప్ప మాట అన్నది రాలేదని అబుల్ ఫజల్ తన అక్బర్నామాలో వ్రాశాడు. చక్రవర్తి పద్ధతులను తరచుగా నిరసించిన బదాయూనీ కూడ ఈ సంగతిని తన గ్రంథంలో చెప్పాడు. ఆ భవనానికి గుంగ్ మహల్ అని, అనగా మూగవారి మహలు అని పేరు వచ్చింది. అక్బరు మాట నెగ్గింది. కాని ఆ నిరూపణకు వెల చెల్లించినది నోరులేని పసివారు. నేటి శాస్త్రధర్మం ఇటువంటి పరీక్షను ఎంతమాత్రం అనుమతించదు.

శాస్త్రకారుల వివేచన

శిశువులను నిర్బంధించకుండా, ఇంటి వాకిట జరిగే వ్యవహారాన్ని గమనించి ఇదే ప్రశ్నకు సమాధానం చెప్పినవారు భారతీయ శాస్త్రకారులు. మాటకు అర్థం ఎట్లా తెలుస్తుందన్న విచారణలో మీమాంసకులు, నైయాయికులు 'వృద్ధవ్యవహారం' అనే మార్గాన్ని ప్రధానంగా పేర్కొన్నారు. ఇక్కడ వృద్ధులంటే ముసలివారు కారు, భాష తెలిసిన పెద్దలు.

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహానికి తానే దీపిక అనే వ్యాఖ్య వ్రాసి, అందులో ఈ క్రమాన్ని వివరించాడు. ఇంటిలో ఒక పెద్ద మరొకనితో ఆవును తీసుకొని రమ్మంటాడు. రెండవవాడు వెళ్లి ఆవును తెస్తాడు. ప్రక్కనున్న బాలుడు ఇదంతా చూస్తాడు. ఆ మొత్తం వాక్యానికీ జరిగిన పనికీ సంబంధం ఉన్నదని మాత్రమే వానికి ముందు తెలుస్తుంది. మరొకసారి గుర్రాన్ని తెమ్మనడం, ఇంకొకసారి ఆవును కట్టమనడం వింటాడు. మాటలలో ఏది మారినప్పుడు పనిలో ఏది మారినదో పోల్చుకొని ఏ మాట దేనిని చెప్తున్నదో విడదీసుకొంటాడు. పెద్దలు ఆ బాలునికి పాఠం చెప్పలేదు. తమ పని తాము చేసుకొన్నారు, అంతే. ఈ గ్రంథం పాఠశాలలలో తర్కానికి తొలి వాచకంగా చెప్పబడుతూ వచ్చినందున ఎన్నో తరాల విద్యార్థులు శిశువు భాష నేర్చే తీరును ఈ ఆవు ఉదాహరణతోనే తెలుసుకొన్నారు.

5వ శతాబ్దపు వారుగా ఎంచబడే భర్తృహరి తన వాక్యపదీయంలో మరొక కోణాన్ని చూపారు. అప్పుడే పుట్టిన శిశువు ఊపిరిని మీదికి తెచ్చి, నాలుకను కదిపి ధ్వని చేయడాన్ని ఎవరు నేర్పారని ఆయన ప్రశ్న. లోపల ముందే ఏదో ఒక వాక్సంస్కారం లేనిదే ఆ తొలి యత్నం కూడ సాధ్యం కాదని ఆయన సిద్ధాంతం. మీమాంసకుల మార్గం వినికిడిని చెప్పగా, భర్తృహరి మార్గం పుట్టుకతో వచ్చిన శక్తిని చెప్పింది. 20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాలలో తీవ్రంగా సాగిన వాదానికి రెండు పక్షాలూ ఇక్కడ ఎన్నో శతాబ్దాల క్రిందటనే కనిపిస్తాయి.

తల్లిదండ్రుల దినచర్యలు

యూరపులో ఈ పరిశీలన శాస్త్రరూపం దాల్చినది తండ్రులు తమ పిల్లల ఎదుగుదలను రోజువారీగా వ్రాసిపెట్టటం మొదలుపెట్టిన తరువాత. 1787లో టీడెమాన్ అనే జర్మను తత్త్వవేత్త తన కుమారుని గురించిన పరిశీలనలను ప్రకటించాడు. తరువాతి శతాబ్దంలో జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన పెద్ద కుమారుని చేష్టలను వ్రాసుకొని, ముప్పై ఏడేళ్లు దాచి ఉంచి, 1877లో మైండ్ అనే పత్రికలో ప్రచురించాడు.

ఆ బిడ్డకు సరిగా ఏడాది నిండిన రోజులలో అన్నానికి 'మమ్' అనే మాటను తనంత తానే కల్పించుకొన్నాడని, ఆకలి వేసినప్పుడు ఏడవడానికి బదులు ఆ మాటను ప్రశ్నించే స్వరంతో అనేవాడని డార్విన్ వ్రాశాడు. తమిళనాట 'మమ్మం' అని, కన్నడనాట 'మమ్ము' అని పసిబిడ్డకు అన్నం పెట్టే తల్లులు ఈ సంగతి చదివితే ఆశ్చర్యపోరు. పెదవులు మూసి తెరిస్తే వచ్చే మకారం శిశువుకు అతి సులభమైన ధ్వని. లోకంలోని ఎన్నో భాషలలో తల్లి పేరు, తిండి పేరు ఆ ధ్వనితోనే ఉండటానికి కారణం ఇదేనని 20వ శతాబ్దంలో రోమన్ యాకొబ్సన్ అనే భాషావేత్త వివరించారు. మాటలకంటె ముందు స్వరంలోని హెచ్చుతగ్గులు, చేతి సైగలు బిడ్డకు అర్థమవుతాయని కూడ డార్విన్ గమనించాడు. ఆ గమనిక విలువ సుమారు వందేళ్ల తరువాత గాని పూర్తిగా తెలిసిరాలేదు.

జర్మనీలో క్లారా స్టెర్న్, విలియం స్టెర్న్ దంపతులు తమ ముగ్గురు పిల్లల మాటలను ఎంతో ఓర్పుతో వ్రాసిపెట్టి, 1907లో శిశుభాషపై ఒక పెద్ద గ్రంథాన్ని వెలువరించారు. దినచర్యలో ఎక్కువ భాగం వ్రాసినది తల్లి క్లారాయే. రోజంతా బిడ్డ దగ్గర ఉండి, ఏ మాట ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగినది తల్లి ఒక్కతే కదా.

అనుకరణా? సహజశక్తియా?

20వ శతాబ్దం నడిమి కాలంలో ఈ ప్రశ్న పెద్ద వివాదమయింది. 1957లో అమెరికా మనోవిజ్ఞాని బి.ఎఫ్. స్కిన్నర్ భాష కూడ అలవాటు వలన, మెప్పుదల వలన ఏర్పడే ప్రవర్తనే అని ప్రతిపాదించారు. 1959లో నోమ్ చోమ్‌స్కీ ఆ గ్రంథాన్ని సమీక్షిస్తూ, బిడ్డ తాను ఎన్నడూ వినని వాక్యాలను కూడ నిర్మిస్తుందని, ఉత్త అనుకరణతో ఇది సాధ్యం కాదని, మానవునికి భాషను నేర్చే శక్తి జన్మతః ఉన్నదని వాదించారు.

1958లో జీన్ బెర్కో చేసిన ఒక చిన్న పరీక్ష ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. ఆమె ఒక వింత పక్షి బొమ్మను చూపి, దానికి 'వగ్' అనే కల్పిత నామాన్ని పెట్టి, అటువంటివి రెండు ఉంటే ఏమనవలెనని చిన్నపిల్లలను అడిగారు. ఆ మాటను వారు ఎన్నడూ విని ఉండరు. అయినా చాలామంది సరియైన బహువచన రూపాన్ని చెప్పారు. వారు మాటను కాక నియమాన్ని నేర్చుకొన్నారన్నమాట. తెలుగింట 'చేతులు' అనవలసిన చోట బిడ్డ 'చేయిలు' అంటే పెద్దలు నవ్వుతారు. ఆ తప్పు బుద్ధిహీనత కాదు. బహువచనానికి 'లు' చేర్చవలెననే సూత్రాన్ని బిడ్డ తానే కనిపెట్టి ప్రయోగించినదని దాని అర్థం.

హార్వర్డులో రోజర్ బ్రౌన్ 1962 నుండి ముగ్గురు పిల్లల మాటలను యంత్రంపై రికార్డు చేయించి, 1973లో ఫలితాలను గ్రంథరూపంలో ప్రకటించారు. ఒకరు ముందుగా, మరొకరు ఆలస్యంగా నేర్చినా, వ్యాకరణాంశాలు వచ్చే వరుస ముగ్గురిలోనూ ఇంచుమించు ఒక్కటిగానే ఉన్నది. తల్లిదండ్రులు సాధారణంగా సరిదిద్దేది బిడ్డ చెప్పిన విషయంలోని తప్పునే గాని వ్యాకరణంలోని తప్పును కాదని కూడ ఆయన బృందం గుర్తించింది. దిద్దుబాట్లు లేకుండానే బిడ్డ వ్యాకరణం చక్కబడుతూ వస్తుంది.

ముద్దుమాటల మర్మం

బిడ్డ చెవిని పడే మాటలు సగంసగంగా, తప్పులతడకగా ఉంటాయని, వాటి నుండి భాషను నేర్వడం అసాధ్యమని చోమ్‌స్కీ పక్షం అన్నది. నిజంగా పెద్దలు పసివారితో ఎట్లా మాట్లాడుతున్నారో పరిశీలించిన తరువాత ఈ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది.

1964లో చార్లెస్ ఫెర్గూసన్ అరబ్బీ, మరాఠీ, ఇంగ్లీషు, స్పానిష్, కొమాంచీ, గిల్యాక్ అనే ఆరు భాషలలో పెద్దలు శిశువులతో వాడే మాటలను పోల్చి చూశారు. అదే సంవత్సరం అశోక్ కేళ్కర్ మరాఠీ శిశుభాషపై ప్రత్యేక వ్యాసం వెలువరించారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషలలో కూడ ఈ మాటలు ఒకే మూసలో ఉండటం ఆశ్చర్యం కలిగించింది. తిండి, నిద్ర, స్నానం, బంధువులు, జంతువులు, భయం, ఇవే వాటి విషయాలు. కష్టమైన సంయుక్తాక్షరాలు తొలగిపోతాయి. ఒకే అక్షరం రెండుసార్లు పలకడం మిక్కుటం.

తెలుగు ముద్దుమాటలు ఈ లక్షణాలకు చక్కని ఉదాహరణలు. అన్నం 'బువ్వ' అవుతుంది. స్నానం 'లాల', దేవుడు 'జేజ', నిద్ర 'జోజో', కుక్క 'భౌభౌ' అవుతాయి. పిండివంట 'అప్పచ్చి', చిరుతిండి 'తాయిలం', భయపెట్టేవాడు 'బూచి'. వీటిలో భిన్నాక్షరాల సంయోగం లేదు. ఉన్నది ద్విత్వమో, జంటపలుకో. పసివారి నోటికి అలవికాని రేఫ ఈ మాటలలో ఎక్కడా లేదు. రాముణ్ణి 'లాముడు' అనే వయసుకు ఇవి తగిన మాటలు. వీటిని అల్పమైనవిగా చూడరాదు. పెండ్లిలో వధూవరులు కలసి భుజించే వేడుకకు బువ్వపుబంతి అనే పేరు పాత తెలుగులో స్థిరపడి ఉన్నది. పదకవితా పితామహుడు అన్నమాచార్యుని సంకీర్తనలలో జోలపాటలకు స్థానం దొరికింది.

పిలుపులో తెలుగువారి ఆనవాయితీ మరొకటి ఉన్నది. తండ్రి తన కొడుకునే 'నాన్నా' అని, తల్లి తన కూతురినే 'అమ్మా', 'తల్లీ' అని పిలుస్తారు. బిడ్డ తమను పిలువవలసిన పిలుపుతో తామే బిడ్డను పిలవడం ఇది. ఇటువంటి ఆచారం అరబ్బీ మాట్లాడేవారిలో కూడ ఉన్నది.

1972లో కాథరీన్ స్నో రెండేళ్ల పిల్లలతోను, పదేళ్ల పిల్లలతోను తల్లులు మాట్లాడే తీరును పోల్చి, చిన్నవారితో మాట్లాడేటప్పుడు వాక్యాలు పొట్టివై, తేటవై, మరల మరల చెప్పబడుతున్నాయని నిరూపించారు. తల్లులే కాదు, నాలుగేళ్ల పిల్లలు కూడ రెండేళ్ల పిల్లలతో మాట్లాడవలసి వస్తే తమ వాక్యాలను తగ్గించుకొంటారని 1973లో షాట్జ్, గెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపారు. ఉయ్యాల ఊపే అక్కకు ఈ విద్యను ఎవరూ నేర్పరు.

స్వరం సంగతి 1985లో తేలింది. ఆన్ ఫెర్నాల్డ్ నాలుగు నెలల శిశువులు ఏ వైపుకు తల తిప్పితే ఆ వైపు నుండి ఒక రకం మాటలు వినిపించేటట్లు ఏర్పాటు చేశారు. పెద్దలు పెద్దలతో మాట్లాడే మాటలకంటె, పసివారితో రాగం తీసి మాట్లాడే మాటలు వినిపించే వైపుకే శిశువులు ఎక్కువగా తిరిగారు. 1997లో పెట్రీషియా కూల్ బృందం అమెరికా, రష్యా, స్వీడను దేశాల తల్లుల మాటలను కొలిచి చూసింది. పసివారితో మాట్లాడేటప్పుడు మూడు దేశాల తల్లులూ ఆ, ఇ, ఉ అనే అచ్చులను ఒకదానికొకటి మరింత దూరంగా, మరింత స్పష్టంగా పలుకుతున్నారని తేలింది. తల్లులు ఈ సంగతి ఎరుగరు. మురిపెమని వారు అనుకొనేది అచ్చులను తేటపరచే ఉచ్చారణ పాఠంగా కూడ ఉన్నది.

పసిచెవి

శిశువు చెవి ఎంత త్వరగా పని ప్రారంభిస్తుందో కూడ ఈ కాలంలోనే వెల్లడయింది. పుట్టిన మూడు రోజులలోపు శిశువు ఇతర స్త్రీల గొంతుకంటె తన తల్లి గొంతును ఎక్కువగా కోరుకొంటుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ చూపారు. గర్భంలో ఉండగానే ఆ స్వరంతో పరిచయం ఏర్పడుతుందని దీని వలన తెలుస్తున్నది.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధన మన భాషలవారికి ముఖ్యమైనది. ఇంగ్లీషులో దంత్యమైన తకారానికీ మూర్ధన్యమైన టకారానికీ భేదం లేదు. హిందీలో ఉన్నది. తెలుగులోనూ ఉన్నది, అది లేకపోతే 'పాట'కూ 'పాత'కూ తేడా ఉండదు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు నుండి ఎనిమిది నెలల శిశువులు హిందీలోని ఈ భేదాన్ని చక్కగా గుర్తించారు. పది నుండి పన్నెండు నెలల వారిలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. హిందీ మాట్లాడే ఇళ్ల శిశువులలో మాత్రం అది నిలిచి ఉన్నది. ప్రతి శిశువూ లోకంలోని ఏ భాషనైనా అందుకోగల చెవితో పుడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ చెవి చుట్టూ ఉన్నవారి భాషకు అనుగుణంగా కుదురుకొంటుంది.

మరి యంత్రాలు వినిపించే మాటల సంగతి ఏమిటి? 2003లో కూల్ బృందం అమెరికాలోని తొమ్మిది నెలల శిశువులకు చీనా భాషను పన్నెండు విడతలుగా వినిపించింది. కొందరి యెదుట మనిషి కూర్చొని పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడించి మాట్లాడారు. మరికొందరికి ఆ మాటలనే తెరపైన చూపించారు. ఇంకొందరికి ధ్వనిగా మాత్రమే వినిపించారు. మనిషి యెదుట ఉన్న శిశువులు చీనా ధ్వనుల భేదాలను నేర్చుకొన్నారు. తెరను చూసినవారు, ధ్వనిని విన్నవారు ఏమీ నేర్చుకోలేదు. అయితే 2014లో జరిగిన మరొక పరిశోధనలో, రెండు నుండి రెండున్నర ఏళ్ల పిల్లలు తెరపై కనబడే మనిషి తమను పలకరించి, తమ స్పందనకు తగినట్లు బదులిస్తూ ఉంటే కొత్త మాటలు నేర్వగలిగారు. ముందే తీసిపెట్టిన చిత్రం నుండి నేర్వలేకపోయారు. కనుక దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్య చరవాణి తెర మీద కనబడి మనుమరాలితో చెప్పే ముచ్చట్లు వ్యర్థం కావు. బిడ్డ 'ఊ' కొట్టినప్పుడు ఆ ఊకు బదులు రావాలి, అదే కీలకం.

అందరూ ఒకే తీరున నేర్పరు

ముద్దుమాటలు లేనిదే భాష రాదని మాత్రం అనుకోరాదు. పపువా న్యూగినీలోని కలులి తెగవారు శిశువులతో ముద్దుమాటలు ఆడరని బాంబి షీఫెలిన్ గమనించారు. తప్పుగా పలికి చూపిస్తే బిడ్డ తప్పే నేర్చుకొంటుందని వారి నమ్మకం. తల్లి బిడ్డను బయటివైపు ముఖం ఉండేటట్లు ఎత్తుకొని, బిడ్డ తరపున తానే ఇతరులతో మాట్లాడుతుంది. సమోవా దీవులలో కూడ పెద్దలు పసివారి కోసం భాషను సులభం చేయరని ఎలినార్ ఓక్స్ వివరించారు. 1984లో ఈ ఇద్దరూ కలసి వ్రాసిన వ్యాసం ఈ రంగంలో సుప్రసిద్ధం. ఆ పిల్లలందరికీ భాష చక్కగానే వస్తున్నది. అన్నంభట్టు చెప్పిన బాలుని వలె వారు చుట్టూ జరిగే వ్యవహారం నుండి నేర్చుకొంటున్నారు.

నికరాగువా దేశంలో 1970ల చివర బధిర బాలల కోసం పాఠశాల ఏర్పడినప్పుడు మరొక విశేషం జరిగింది. అంతవరకు ఇంటికొకరుగా ఉన్న పిల్లలు ఒకచోట చేరి, తమ ఇంటి సైగలను కలుపుకొని, ఎవరూ నేర్పకుండానే ఒక కొత్త సంజ్ఞాభాషను నిర్మించుకొన్నారు. వారి తరువాత చేరిన చిన్నపిల్లలు దానిని మరింత వ్యాకరణబద్ధం చేశారు. 1986 నుండి భాషావేత్తలు దానిని పరిశీలిస్తూ వచ్చారు. అక్బరు కట్టించిన మహలులో పిల్లలు ఉన్నారు గాని వారితో వ్యవహరించే మనుష్యులు లేరు. నికరాగువా పాఠశాలలో పిల్లలకు వినికిడి లేదు గాని సహవాసం ఉన్నది. భర్తృహరి చెప్పిన అంతఃశక్తి, మీమాంసకులు చెప్పిన వ్యవహారం రెండూ కలిస్తేనే భాష అన్న సత్యం ఈ రెండు ఉదంతాలను ప్రక్కప్రక్కన పెడితే విశదమవుతుంది.

ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష

రెండు భాషల నడుమ పెరిగే బిడ్డ రెంటికీ చెడుతుందనే భయం 20వ శతాబ్దపు తొలి సగంలో విద్యావంతులలో కూడ ఉండేది. 1913లోనే ఫ్రెంచి భాషావేత్త జూల్ రోంజా తన కుమారునితో తాను ఫ్రెంచిలోను, భార్య జర్మనులోను నియమంగా మాట్లాడగా, బాలుడు రెండు భాషలనూ చక్కగా నేర్చిన వైనాన్ని గ్రంథస్థం చేశాడు. 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పీల్, లాంబర్ట్ చేసిన పరిశోధనలో రెండు భాషలు వచ్చిన పిల్లలు ఒకే భాష వచ్చినవారికంటె బుద్ధిపరీక్షలలో మెరుగుగా నిలిచారు. ఒడిశాలో కుయి భాషను నిలుపుకొని ఒడియా కూడ నేర్చిన కోందు పిల్లలను, కుయిని వదలి ఒడియా మాత్రమే మాట్లాడే కోందు పిల్లలతో అజిత్ మహంతి పోల్చి చూశారు. ఇంటి భాషను నిలుపుకొన్నవారే ముందున్నారని తేల్చి, ఆ ఫలితాలను 1994లో గ్రంథరూపంలో వెలువరించారు.

మహారాష్ట్రలోని సాంగ్లీ సమీపాన కుప్వాడ్ అనే గ్రామాన్ని గురించి గంపర్జ్, విల్సన్ 1971లో ప్రకటించిన వ్యాసం ప్రపంచ భాషాశాస్త్రంలో ప్రఖ్యాతమైనది. ఆ ఊరిలో కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినబడేవి. తెలుగు అక్కడ తాళ్లు పేనే కొద్ది కుటుంబాల భాష. ఊరి వ్యవహారంలో వాక్యనిర్మాణాలు ఒకదానికొకటి ఎంతో దగ్గరయ్యాయి. అయినా భాషలు కలసిపోయి ఒక్కటి కాలేదు. ఊరందరితో ఏ భాషలో మాట్లాడినా, ఇంటిలో తమవారితో తమ భాషలోనే మాట్లాడటం అందుకు కారణమని వారు వివరించారు.

ఈ చరిత్ర అంతటి నుండి రాష్ట్రేతర తెలుగువారు గ్రహించవలసినది ఒకటి ఉన్నది. గుంటూరులోనో వరంగల్లులోనో పుట్టిన బిడ్డతో ఇంటిలో తెలుగు కొంత తగ్గినా, వీధి, అంగడి, ఆటస్థలం ఆ లోటును తీరుస్తాయి. కలులి శిశువు వలె ఆ బిడ్డ చుట్టూ ఉన్న వ్యవహారం నుండి నేర్చుకొంటుంది. హోసూరులోనో, బరంపురంలోనో, బళ్లారిలోనో, సోలాపురంలోనో పుట్టిన బిడ్డకు వీధి తమిళాన్ని, ఒడియాను, కన్నడాన్ని, మరాఠీని ధారాళంగా ఇస్తుంది, అది మేలే. తెలుగు మాత్రం ఇల్లు ఇస్తేనే వస్తుంది. అన్నంభట్టు చెప్పిన 'వృద్ధులు' ఆ బిడ్డకు ఇంటిలోని నలుగురైదుగురే. వారు మానుకొంటే ఆ భాష వరకు ఆ ఇల్లు చిన్న గుంగ్ మహలే అవుతుంది.

పిల్లలకు తెలుగును బడిలో నేర్పుతారు కదా అని, ఇంటిలో ఇంగ్లీషుకో ప్రాంతీయ భాషకో మారిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారి ఉద్దేశం బిడ్డ భవిష్యత్తే. కాని బడి అక్షరాలను ఇవ్వగలదు, పద్యాలను ఇవ్వగలదు, వ్యాకరణానికి పేర్లు పెట్టి చూపగలదు. చెవి కుదురుకొనే తొలి ఏడాదిని, నాలుక తిరిగే తొలి ఐదేళ్లను తిరిగి తెచ్చి ఇవ్వలేదు. తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు నిలిచినదంటే దానికి ఉపాధ్యాయుల కృషి, దాతల ఔదార్యం ఎంత కారణమో, ప్రతి ఏడూ ఒకటవ తరగతికి తెలుగు వచ్చిన పిల్లలను పంపిన తల్లులు, నాయనమ్మలు, అమ్మమ్మలు కూడ అంత కారణం. ఏ హాజరు పట్టీలోనూ వారి పేర్లు ఉండవు.

ఈ పాఠానికి ఖర్చు లేదు, ప్రత్యేక సమయం అక్కరలేదు. లాల పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు, జోకొట్టేటప్పుడు జరిగిపోతుంది. బిడ్డ వచ్చీరాని మాటతో అడిగినదానికి తెలుగులో బదులు చెప్పడం, ఆ బదులుకు బిడ్డ 'ఊ' కొట్టేదాకా ఆగడం, ఇంతే కావలసినది. పాఠశాల నూరేళ్ల పండుగ నాటికి ఒకటవ తరగతిలో కూర్చోవలసిన పిల్లలు ఇంకా పుట్టలేదు. వారికి తెలుగు వస్తుందో రాదో నిర్ణయించేది నేడు ఈ బడిలో చదువుతున్న పిల్లలే. రేపు వారే ఆ ఇళ్లలో 'వృద్ధులు'.